కెమెరా ముందు సూట్‌కేసుల సేద్యం

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. మా ఇంట్లో నేను ఏం చెప్పినా నాలుగో వంతే నమ్ముతారు. ఒళ్లు కాలిపోతోందంటే మా ఆవిడ నుదుటి మీద చెయ్యి కూడా వెయ్యదు, "జలుబేలే" అని వంటింట్లోంచే తేల్చేస్తుంది. మీరూ అలాగే చదువుకోండి.

శంషాబాద్‌లో హైవే పక్కన సూట్‌కేసుల షాపు. అందులో సేల్స్‌మన్‌ని నేనొక్కణ్ణే. మా సేటు ఇల్లు హిమాయత్ సాగర్ దగ్గర. ఎయిర్‌పోర్టు పక్కనే ఉంది కాబట్టి జనం ఎగబడి సూట్‌కేసులు కొంటారని ఆయన షాపు పెట్టాడు. అంతా బాగానే ఆలోచించాడు కానీ ఒక్కటి మరిచిపోయాడు. విమానం ఎక్కేవాడు ఇక్కడిదాకా వచ్చాడంటే పెట్టె సర్దుకునే వచ్చాడని అర్థం. బట్టలు చేతుల్లో పట్టుకుని ఎవడూ రాడు. నెత్తిన సూట్‌కేసులు కట్టుకున్న కార్లు మా ముందునుంచే బర్రున పోతాయి. ఒక్కటీ ఆగదు. ఆగిందా, టైరు పంక్చరైనట్టు.

ఇక షాపులో నిశ్శబ్దం ఎలాంటిదంటే, షాద్‌నగర్‌లో ఎవరో తుమ్మితే ఇక్కడినుంచి నేను శతాయుష్షని దీవించేవాణ్ణి. విమానాలేమో మా పైకప్పు గీసుకుంటూ పోతాయి. కిటికీ పక్కన కూర్చున్నావిడ మెళ్లో గొలుసు ఏ డిజైనో చెప్పగలను.

నేను పొద్దంతా కూర్చునే ఉంటున్నానని సేటుకు అనుమానం వచ్చింది. మూలన కెమెరా బిగించి, ఇంట్లోనుంచి చూడటం మొదలుపెట్టాడు. కుర్చీకి నా వీపు ఆనిందో లేదో ఫోను మోగేది.

"ఏందన్నా, కూసున్నవ్?"

"గిరాకీ లేదు సేటూ."

"గిరాకీ లేకుంటే పని గూడ లేదా? తుడువు జర."

తుడిచాను. హైవే దుమ్ముకు దయాదాక్షిణ్యాలు లేవు. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరకు వెళ్లేలోపు, మొదట తుడిచిన పెట్టె మీద జొన్నలు చల్లితే మొలుస్తాయి. అది అయ్యాక జిప్పులు తెరిచి మూసేవాణ్ణి. హ్యాండిళ్లు లాగి దించేవాణ్ణి. చిన్నదాన్ని పెద్దదాంట్లో, దాన్ని ఇంకా పెద్దదాంట్లో దాచి, మళ్లీ పురుడు పోసినట్టు ఒక్కొక్కటే బయటికి తీసేవాణ్ణి. ఒక్క పెట్టె అమ్మకుండా ఇంత చెమట కార్చిన సేల్స్‌మన్ భూమ్మీద ఇంకొకడు ఉండడు.

కొన్నాళ్లకు సేటుకు నన్ను చూసి చూసి విసుగొచ్చింది. ఆ చూసే పని వాళ్లమ్మకు అప్పగించాడు. ఆమె జన్మంతా చేన్లోనే గడిపిన మనిషి. ఆ చేను రింగు రోడ్డు కింద పోయింది. అప్పటినుంచి మంచం మీద కూర్చుని చేతులు చూసుకోవడమే. సీరియళ్లు పెట్టిస్తే ఆమెకు నచ్చలేదట. "పొద్దుమాపు సోఫాల కూసోని ఏడుస్తరు, ఒక్కతి పని చెయ్యది" అని తీసేయించింది. నేను మాత్రం నచ్చాను. ఒకరోజు తెలియని నంబరునుంచి ఫోను.

"నువ్వేనా పెట్టెల దుకాణమోనివి?"

"ఎవరమ్మా?"

"సేటు తల్లిని. ఆ గోడపొంటి సాలు వంకర పోయింది బిడ్డా. జర సక్కగ పెట్టు."

సాలంటే దున్నినప్పుడు పడే నాగటి చాలు. ఆమె కంటికి మా షాపు ఒక చేను. నల్ల ట్రాలీలు కంది, ఎర్రవి మిరప, బడిపిల్లల బ్యాగులు ఆకుకూర మడి. మర్నాడు మళ్లీ ఫోను.

"పెద్దయాటి నీడ చిన్నయాటి మీద పడుతున్నది. దూరం జరుపు."

"అమ్మా, ఇవి పెరిగేటియి కావమ్మా."

"పెరగకుంటే అమ్ముడన్న పోవాలె గద?"

జరిపాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిస్తే ఇంకో ఫోను.

"బెండకాయేనా?"

"అవునమ్మా."

"మొన్న గూడ గదే గద! మీ ఇంట్ల ఇంకో కూర మొలువదా?"

కెమెరాలోంచి బెండకాయను పట్టేసిన కళ్లవి. విమానాలు దించే వాళ్లు ఆమెను ఎందుకు వదులుకున్నారో నాకు అర్థం కాదు.

ఇలా సాగుతుండగా ఒక పొద్దున సేటు స్వయంగా వచ్చాడు. నా మొహం చూడకుండా ఒక పెట్టె చక్రం తిప్పుతూ అన్నాడు. "అన్నా, ఏమనుకోకు. మా బామ్మర్ది ఖాళీగ ఉన్నడు. వచ్చే నెల నుంచి ఆయనే కూసుంటడు. ఇద్దరెందుకు, గిరాకే లేదాయె."

యాభై దాటినవాణ్ణి కొత్తగా పనిలో ఎవరు పెట్టుకుంటారు? ఇది పెంచకుండా చెబుతున్నాను: ఆ సాయంత్రం నేను బస్సు దిగాల్సిన చోట దిగలేదు.

మర్నాటినుంచి బామ్మర్ది పని నేర్చుకోవడానికి వచ్చాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేర్చుకోవడం అయిపోయింది. ఫోనులోంచి తల ఎత్తడు. నేను పెట్టెలతోపాటు ఆయన చుట్టూ కూడా తుడిచేవాణ్ణి.

"కాళ్లు జర ఎత్తు తమ్మీ."

"నువ్వు తుడుచుకుంట పో అన్నా. నేను చూస్తున్న గద."

అలా ఉండగా ఒక మధ్యాహ్నం షాపు ముందు ఆటో ఆగింది. కర్ర పట్టుకుని ఒక ముసలమ్మ దిగింది. గిరాకీ అనుకుని, "రండమ్మా, చక్రాలవి చూపియ్యాల్నా?" అన్నాను.

"నన్ను గుర్తువట్టలేదా? నిన్ను నేను దినాం చూస్తున్న గద!"

గొంతు వినగానే బామ్మర్ది లేవబోయాడు. ఆమె కర్ర ఎత్తింది.

"లేవకు, కూసో! అలవాటు లేని పని చేస్తే పానం ఖరాబైతది." అక్కడే కొడుక్కు ఫోను చేయించింది. "అరే కొడుకా! చేన్ల దిష్టిబొమ్మ గూడ గాలికి జర కదులుతది. నీ బామ్మర్ది గది గూడ చెయ్యడు! ఈ జాగా ఎవని పేరు మీదున్నది? నా పేరు మీద. నా జాగల కూసునెటోడు వద్దు, తిరిగెటోడు కావాలె. ఈయన అమ్ముతడో అమ్మడో నాకు తెల్వది. ఈయన పని చేస్తుంటే నా పానం నిమ్మళమైతది. ఈయన్ని తీసేస్తే నీ ఇంట్ల గంజి గూడ ముట్ట!"

హైవే మీద లారీలు ఆగిపోయాయి. దిగాల్సిన విమానాలు రెండు, వినడానికి పైనే చక్కర్లు కొట్టాయి. బామ్మర్ది కుర్చీతో సహా ఆటో ఎక్కి పోయాడు.

ఇగ అసలు సంగతి. దుమ్ము, తుమ్ము, గొలుసు, ఇవన్నీ ఉన్నదాన్ని సాగదీసినవే. పూర్తిగా నేను కల్పించింది ఆ ఉపన్యాసం. ఆమె ఆటోలో వచ్చిన మాట నిజం. కానీ ఎవర్నీ ఏమీ అనలేదు. బామ్మర్ది గబుక్కున లేచి ఇచ్చిన కుర్చీలో కూర్చుంది. నేను గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"నువ్వు కానియ్యి బిడ్డా" అంది.

గోడ దిక్కునుంచి మొదలుపెట్టాను. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి లేచి, దగ్గరున్న నీలం పెట్టెను తన కొంగుతోనే తుడిచి, మళ్లీ వెళ్లి కూర్చుంది. ఇదంతా సేటు ఇంట్లోనుంచి ఫోనులో చూస్తూనే ఉన్నాడట. సాయంత్రం తల్లిని తీసుకుపోవడానికి కారు వేసుకుని వచ్చాడు.

"పోదమా అమ్మా?"

"ఇంక రెండు సాళ్లున్నయి. ఆగు."

ఆగాడు. నేను ఆ రెండూ తుడిచాను. ఆమెను కారెక్కించి, ముందు సీట్లో బామ్మర్దిని కూర్చోబెట్టి, సేటు వెనక్కి నా దగ్గరికి వచ్చాడు. ఈసారి చక్రం తిప్పలేదు.

"రేపటిసంది రోజు నువ్వే జర జల్ది తెరువన్నా. అమ్మ పొద్దుగాల్నే ఫోను వట్టుకోని కూసుంటది."