నర్సమ్మ వెంటబెట్టుకొచ్చిన పేషెంటు

మొన్న మంగళవారం పొద్దున ఒక పెద్దాయన పన్నుకు సిమెంటు పెడుతుంటే క్లినిక్‌లో ఫోను మోగింది. నా చేతులకు గ్లవ్స్ ఉండటంతో మా అసిస్టెంటు రిసీవరు నా చెవి దగ్గర పట్టుకుంది. అటువైపు షామీర్‌పేట నర్సమ్మ కొడుకు.

"డాక్టరక్కా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ వెట్టుకుంట పొయ్యి కాడనే కూలవడ్డది. దవాఖానకు తీస్కపోయే లోపలనే..."

నేనేమన్నానో గుర్తులేదు. పెద్దాయన నోరు తెరుచుకునే ఉన్నాడు. సిమెంటు గట్టిపడేలోగా పని పూర్తి చేయాలి కాబట్టి పూర్తి చేశాను. ఆ తర్వాత కుర్చీలో కూర్చోబోతే కూర్చోలేకపోయాను. నాలుగు రోజులైనా అదే తీరు. ఇది కూడా రెండు వాక్యాలు రాసి లేచి, గదిలో నాలుగడుగులు తిరిగి, మళ్లీ వచ్చి రాస్తున్నది. వరస తప్పితే మన్నించండి.

ఆమె సర్కారు నర్సు. మేడ్చల్, షామీర్‌పేటల చుట్టుపక్కల ఊళ్లలో గర్భిణులను చూడటం, పసిపిల్లలకు సూదులు వేయడం ఆమె పని. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోవడం నేను చూడలేదు. చాయ్ నిలబడే తాగేది. ఆదివారం చర్చిలో కూడా ప్రార్థన మధ్యలో రెండుసార్లు లేచి బయటికి వచ్చేదట. "కూసుంటే నాకు ఊపిరాడది డాక్టరమ్మ" అనేది.

నాకు ఆమె పరిచయమైంది తొంభైల చివర్లో. పళ్ల డాక్టరు చదువు ముగించి, మేడ్చల్ బస్టాండుకు కాస్త అవతల, ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో క్లినిక్ పెట్టుకున్నాను. ఒకటే కుర్చీ, అదీ సెకండ్ హ్యాండుది. ఎక్స్‌రే మిషను లేదు. కింద నాగ్‌పూర్ రోడ్డు మీద లారీలు పోతుంటే ట్రేలో పనిముట్లు గలగలమనేవి. సికింద్రాబాదు నుంచి రోజూ బస్సులో వచ్చే ఆడపిల్లను, ఎవరికీ తెలియనిదాన్ని. ఏ చిన్న పొరపాటు జరిగినా మరుసటి రోజు నుంచి మెట్లెక్కే మనిషి ఉండడన్న బెదురు నాకు ఎప్పుడూ ఉండేది.

అప్పుడు రావల్కోల్ నుంచి స్వరూప అనే అమ్మాయి అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. తొలిచూలు, ఆరో నెల. కింది దవడలో చివరి పన్ను పుచ్చి సగం విరిగిపోయింది, చుట్టూ చిగురు వాచింది. చూడగానే ఏం చేయాలో నాకు తెలుసు. మత్తు సూది వేసి పన్ను తీసేయాలి. కానీ అత్త నా వెనకే నిలబడి, "పొట్టల పిల్లకు ఏం గాదు గదమ్మా? మావోడు అసలే కోపిష్టి" అన్నది. ఆ మాటతో నా చేతిలోని అద్దం ట్రేలోకి వెళ్లిపోయింది.

"ఇప్పుడు ముట్టుకోవద్దు. కాన్పయ్యాక రండి" అన్నాను. నొప్పికి ఏదైనా రాసివ్వమని ఆ అమ్మాయి అడిగింది. కడుపుతో ఉన్నప్పుడు మందులు మంచివి కావని చెప్పి ఏమీ రాయకుండానే పంపేశాను. వాళ్లు మెట్లు దిగుతుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ సంగతి ఇక్కడ దాచను.

ఐదో రోజు, నేను డబ్బా విప్పి అన్నం తినబోతుండగా మెట్ల మీద దబదబ అడుగుల చప్పుడైంది. తలుపు తోసుకుని ఒక నర్సు లోపలికి వచ్చింది. ఆమె చేయి పట్టుకుని స్వరూప, వెనక అత్త. స్వరూప ముఖం ఒకవైపు ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"డాక్టరమ్మ, ఈ పిల్లను గుర్తువట్టిన్రా?" అన్నది నర్సమ్మ.

"ఆరో నెల కదా, కాన్పయ్యాక రమ్మన్నాను" అన్నాను నేను లేచి నిలబడుతూ.

"కాన్పుకు ఇంక మూడు నెలలున్నది. మూడు నెలలు గిట్లనే ఉండాల్నా? మూడు దినాల సంది గంజి నీళ్లు దప్ప ఏం ముడ్తలేదు. ఒళ్లు కాలిపోతాంది." సంచిలోంచి ఒక మాత్రల పట్టీ తీసి బల్ల మీద పడేసింది. "గివి జూడుండ్రి. నొప్పికి ఆగలేక మందుల షాపుల అడిగి తెచ్చుకున్నది. దినానికి నాలుగు మింగుతాంది. మీరు మంచి మందు రాయకపోతే మనిషి ఊకుంటదా? గిసుంటియి తెచ్చుకుంటది."

అవి వాపుకూ నొప్పికీ వాడే ఘాటైన మాత్రలు. గర్భిణులు, అందులోనూ నెలలు పైబడ్డాక, వేసుకోకూడనివి. నేను ఆ పట్టీని అటూ ఇటూ తిప్పుతున్నాను.

"మీ పుస్తకంల ఏం రాసున్నది? కడుపుతోటి ఉన్నోళ్ల పన్ను ముట్టొద్దని రాసిందా?"

పుస్తకంలో అలా లేదు. నడిమి మూడు నెలలు ఇలాంటి పనికి అనువైన సమయమనీ, చీము పట్టినప్పుడు ఏ నెలలోనైనా ఆగకూడదనీ, ఆ ఒక్కచోటికి ఇచ్చే మత్తు సూదితో ప్రమాదం లేదనీ చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా.

"లేదు" అన్నాను.

"మరి?"

"ఏమైనా అయితే నా మీదికి వస్తుంది."

"ఆఁ, గట్ల జెప్పు. భయమైతే భయమని జెప్పు. కడుపుతోటి ఉన్నదని జెప్పకు."

మీరు కాస్తా నువ్వు అయింది. తర్వాత పదేళ్లూ నువ్వుగానే ఉంది.

ముందు స్వరూపను కూర్చోబెట్టి చూశాను. నోరు ఒకటిన్నర వేలు పట్టేంతే తెరుచుకుంటోంది. నాలుక కింద మెత్తగానే ఉంది, గుటక పడుతోంది, ఊపిరి బాగానే ఆడుతోంది. అవి సరిగా లేకపోతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా పట్నంలో పెద్దాసుపత్రికి పంపాల్సిందే. ఆమెను నెలనెలా చూస్తున్న లేడీ డాక్టరుకు ఫోను చేశాను. "ఇన్ని రోజులు ఎందుకు ఆగారు?" అన్నది ఆవిడ మొదటి మాటగా. ఏ సూది మందు వేయొచ్చో, చీముకు ఏ మందు రాయొచ్చో, జ్వరానికీ నొప్పికీ ఏది సరిపోతుందో ఇద్దరం మాట్లాడుకున్నాం. కొన్ని రకాల మందులు బిడ్డకు రాబోయే పళ్ల రంగు చెడగొడతాయి, అవి వద్దనుకున్నాం.

కుర్చీ వెనక్కి వాల్చబోతే నర్సమ్మ నా చేయి పట్టుకుంది. "పూరా ఎల్లెలుకల పండవెట్టకు. కడుపు బరువు నరం మీద వడితే కండ్లు తిరుగుతయి." అక్కడున్న టవలు మడిచి స్వరూప కుడి తుంటి కింద పెట్టి, ఆమెను కొంచెం ఎడమ పక్కకు ఒరిగేలా చేసింది. ఒక చేయి ఆమె పొట్ట మీద వేసింది. పని జరిగినంతసేపూ ఆ చేయి తీయలేదు.

సూది వేశాను. మత్తెక్కడానికి చాలాసేపు పట్టింది, రెండోసారి వేయాల్సి వచ్చింది. వాపు కోయగానే చీము బయటపడింది, ఆ వాసనకు అత్త కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది. పన్ను ఒక్కసారికి రాలేదు, ముక్కలుగా వచ్చింది. మధ్యమధ్య నర్సమ్మ వంగి అడిగేది.

"మెసిలిందా బిడ్డా?"

స్వరూప నోట్లో దూది ఉంది. వేలెత్తి చూపించేది. ఒకసారి.

కాసేపటికి మళ్లీ, "మెసిలిందా?"

వేలు లేచేది.

చివరి వేరు బయటికి వచ్చేటప్పుడు ఆ వేలు లేవలేదు. నేను ఆగిపోయాను. నర్సమ్మ పొట్ట మీద చేయి జరిపి కళ్లు మూసుకుంది. కింద ఏదో లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. ఎంతసేపో నాకు తెలియదు. "గిదో, తన్నుతాంది. నువ్వు కానియ్యి జల్దీ" అన్నది కళ్లు తెరిచి.

మరుసటి రోజు నేను క్లినిక్ తెరవకుండా బస్సు దిగీ దిగగానే ఆటో మాట్లాడుకుని రావల్కోల్ వెళ్లాను. అప్పటికే నర్సమ్మ ఆ ఇంటి గడపలో నిలబడి ఉంది. స్వరూప మెత్తగా పిసికిన పప్పన్నం తింటోంది. జ్వరం తగ్గింది. అత్త నాకు పీట వేసి అడిగింది, "మొదలు వచ్చినప్పుడే తీస్తే అయిపోతుండె గదమ్మా, ఎందుకు తియ్యలే?"

నర్సమ్మ నావైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు చూస్తోంది.

"నాకు భయమైంది" అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. "మాకు గూడ భయమే గద. గందుకే మీరు వద్దనంగనే పాణం నిమ్మలమైంది. సక్కగ ఇంటికొచ్చినం" అన్నది.

మూడు నెలలు నాకు స్థిమితం లేదు. అవసరమైన పనే చేశానని తెలుసు. అయినా ఫోను మోగితే రావల్కోల్ నుంచేనేమో అనుకునేదాన్ని. నెలలు నిండాక ఒక మధ్యాహ్నం నర్సమ్మ ఫోను చేసింది. "ఆడపిల్ల. మంచిగున్నది, గొంతు నా లెక్కనే ఉన్నది. ఇగ నువ్వు నిమ్మలంగ పండుకో" అన్నది. నేను నిద్రపోవడం లేదని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత నర్సమ్మ తన పనిలోకి నోటిని కూడా చేర్చుకుంది. పొట్ట చూసే ముందు "నోరు తెర్వు" అనేది. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని కొందరు పళ్లు తోమడమే మానేసేవాళ్లు. కాన్పుకో పన్ను ఊడటం మామూలేనని మరికొందరి నమ్మకం. "పొట్టల పిల్ల నీ పండ్లు కొరుక్క తింటదా? తోమక పాడుజేసుకునేది నువ్వు, బదనాం పిల్ల మీదనా?" అని కసిరేది. కసిరి, నా దగ్గరికి తోలుకొచ్చేది. ఎక్స్‌రే మిషను కొన్నప్పుడు, పొట్ట మీద కప్పే సీసపు ఏప్రాన్ ముందు తనే తొడుక్కుని అద్దంలో చూసుకుని, "మస్తు బరువున్నది, ఇగ భయం లేదు" అన్నది.

అన్నీ బాగా జరిగాయని చెప్పలేను. జవహర్‌నగర్ వైపు నుంచి ఒకామె ఏడో నెలలో దవడ నొప్పని చెబితే, నర్సమ్మ నా దగ్గరికి వెళ్లమంది. కూలి పోతుందని ఆమె రాలేదు. రెండు వారాలకు నెలలు నిండకుండానే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. ఆ సాయంత్రం నర్సమ్మ నా క్లినిక్‌లో గోడ నుంచి గోడకు నడుస్తూనే ఉంది.

"గా పన్నుతోనే అయిందా? నిజం జెప్పు."

"చెప్పలేం. కారణాలు చాలా ఉంటాయి. అదొక్కటే అనలేం."

"కాదని అనొచ్చా?"

"అదీ అనలేం."

"పొమ్మని జెప్పిన. ఎంటవెట్టుకొని రావాలె. పొమ్మని జెప్పుడు గాదు" అన్నది. ఆ తర్వాత ఎవరినీ ఒంటరిగా పంపలేదు. డ్యూటీ దిగి, బస్సెక్కి, తనే తీసుకొచ్చేది. నిరుడు రిటైరయ్యాక కూడా.

బుధవారం మధ్యాహ్నం షామీర్‌పేటలో ఆమెను సమాధి చేశారు. ఊళ్ల నుంచి ఆడవాళ్లు చాలామంది వచ్చారు. పాస్టరుగారి ప్రార్థన సాగుతుంటే నేను నిలవలేక గేటు బయటికి వచ్చేశాను. అక్కడ ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో, ఒక అమ్మాయి గోడ పట్టుకుని వాంతి చేసుకుంటోంది. పక్కనే ఒక ముసలామె ఆమె నడుం నిమురుతోంది. వాంతి ఆగాక ముసలామె సీసా మూత తీసి అందించింది.

"మంచిగ పుక్కిలిచ్చి ఉమ్మెయ్. పులుపంత పోవాలె. ఇంటికి పోంగనే బ్రష్షు వట్టకు, జరసేపాగి తోముకో. లేకుంటె పండ్లు అరిగిపోతయి."

నేను చదువుకుని, ఒకప్పుడు నర్సమ్మకు చెప్పిన మాటలు అవి, దాదాపు అలాగే. ఎవరు చెప్పారని అడగాలని రెండడుగులు ముందుకు వేశాను. ఇంతలో బస్సు కనిపించింది. ముసలామె కొంగు బిగించి, అమ్మాయి చేయి పట్టుకుని రోడ్డు దాటించింది. ఆ అమ్మాయి ఇంకా ఉమ్మలేదు. రెండు బుగ్గలూ నిండా నీళ్లు పట్టుకుని, గుడగుడమని పుక్కిలిస్తూనే, బస్సు వైపు నడిచింది.