మైనస్ ఒకటి అంటే ట్యాంకర్ బుక్కయినట్టే

ఎండాకాలం వస్తే నాచారంలో మా వీధికి దేవుడు ట్యాంకర్ డ్రైవరే. నీళ్ల ట్యాంకర్లు నడిపే ఒక ఆసామికి, ఉప్పల్‌లోని మా చిన్న ఆఫీసు బుకింగ్ యాప్ చేసిచ్చింది. రాసినవాడు ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు, యాప్ నా నెత్తిన పడింది. అది ఎంత మంచి యాప్ అంటే, ఎవరు ఎప్పుడు అడిగినా ‘మీ ట్యాంకర్ బుక్ అయింది’ అనేది. అందరూ మెచ్చుకున్నారు.

మెచ్చుకున్నాక, అందరూ డ్రైవర్‌కి ఫోన్ చేసేవాళ్లు. “అన్నా, ఏడున్నవ్, జర మా దిక్కు రా.” అందుకే యాప్ చెప్పేది నిజమో కాదో తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

దాన్ని నమ్మింది ఒక్కతే, మా ఇంటి ఎదురుగా కర్రీ పాయింట్ నడిపే అక్క. చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లకి మధ్యాహ్నం భోజనం ఆమె దగ్గరే. “ఫోన్లెందుకక్కా, యాప్‌లో అయిందంటే అయినట్టే” అని నేనే గొప్పగా చెప్పాను. ఆమె ఫోన్ చేయలేదు, ట్యాంకర్ రాలేదు. ఆ రోజు పొయ్యి వెలగలేదు. ఆకలితో వచ్చినవాళ్లు మూసిన షట్టర్ చూసి మలుపులో ఉన్న కొత్త హోటల్‌కి వెళ్లారు.

“ఇంకో దినం గిట్లయితే వాళ్లు మళ్ల నా దిక్కు సూడరు తమ్మీ” అంది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు సిగ్గేసింది. ఆఫీసుకు చేరేసరికి ఆ సిగ్గు కోపమైంది.

కోడ్ తెరిచాను. ట్యాంకర్ ఖాళీగా ఉందో లేదో చూసే పని డేటాబేస్‌లో రాసిపెట్టిన స్టోర్డ్ ప్రొసీజర్‌ది. దొరికితే సున్నా, దొరక్కపోతే ఒకటి అని జవాబిస్తుంది. పాపం, రోజూ సరిగ్గానే ఇస్తోంది. మా కోడ్‌కీ డేటాబేస్‌కీ మధ్య మాట మోసే ఓఆర్ఎం మాత్రం ఆ జవాబు తేదు. పట్టికలో ఎన్ని వరసలు మారాయో ఆ లెక్క తెస్తుంది. ఆ లెక్క చెప్పొద్దని ప్రొసీజర్‌లోనే రాసి ఉంది కాబట్టి, లెక్క లేదనడానికి గుర్తుగా ప్రతిసారీ మైనస్ ఒకటి తెస్తుంది. ఇంట్లో ఉన్నారో లేరో కనుక్కు రారా అంటే, వెళ్లొచ్చి ‘వెళ్లొచ్చాను’ అనేవాడి బాపతు. ఇక వెళ్లిపోయిన మావాడు రాసిన షరతు ఏమిటంటే, ఒకటి కాకపోతే బుక్ అయినట్టే. మైనస్ ఒకటి, ఒకటి కాదు కదా మరి.

విడిగా ఒక అవుట్‌పుట్ పారామీటర్ పెట్టి, ప్రొసీజర్ జవాబు అందులో పడేలా చేసి, పని పూర్తయ్యాక దాన్ని చదివాను. యాప్ పుట్టాక మొదటిసారి ‘ట్యాంకర్ లేదు’ అంది. భలే గర్వంగా అనిపించింది.

సాయంత్రానికే ఆసామి ఫోన్ చేశాడు. “ఏంది సార్, మంచిగ నడిసే యాప్‌ను ఖరాబ్ జేసిన్రు. అందరికీ లేదు లేదు అంటున్నది.”

ఉన్నదే చెబుతోందన్నాను.

“లేదని జెప్పనీకి నేను లేనా? దానికి యాప్ ఎందుకు?”

మా మేనేజరుకు అందులో న్యాయం కనిపించింది. పాతదే మళ్లీ పెట్టమన్నాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని లోపల అనుకుని, బయటికి “చూస్తాను సార్” అన్నాను.

మర్నాడు పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్లాను. డ్రైవర్ ఫోన్ ఎత్తడం లేదని కూర్చుని ఉంది. “ఇక యాప్ అబద్ధం చెప్పదక్కా, నొక్కి చూడు” అన్నాను. నొక్కింది. ట్యాంకర్ లేదని వచ్చింది.

“చూశావా, నిజం చెప్పింది.”

ఆమె ఖాళీ డ్రమ్ము వంక చూసింది, తర్వాత నా వంక. “మంచిగుంది తమ్మీ. మరి నిజంతోని బియ్యం కడుగాల్నా?”

మా ఇంట్లో దాచుకున్న నీళ్లన్నీ బిందెలతో మోసుకొచ్చి ఆమె డ్రమ్ములో పోశాను. ఆ మధ్యాహ్నం షట్టర్ తెరిచే ఉంది.

ఇంట్లో స్నానాలకు చుక్క మిగల్లేదు. నీళ్లేవీ అని మా ఆవిడ అడిగింది. దారిలో ఉన్నాయి, వచ్చేస్తున్నాయి అని చెప్పాను.