మొదటి పేరాలో చెవి గుర్తు

నేనాడిన ఒక అబద్ధం పదేళ్లుగా నాలో ఉండిపోయింది. పెద్దదేం కాదు, రెండు వాక్యాలు. బడిలో పిల్లల అబద్ధాలు పట్టుకుంటూనే నా ఉద్యోగం గడిచింది. ఎవరైనా తేదీ తప్పు చెబితే పెళ్లి పందిట్లోనైనా సరిదిద్దే మనిషిని. కూరగాయల బండి దగ్గర రూపాయి ఎక్కువ చేతికొస్తే వెనక్కి నడిచి వెళ్లి ఇచ్చి వస్తాను. అలాంటి మనిషి నోటి నుంచి వచ్చింది కనకనే ఆ రెండు వాక్యాలు నిజాల్లా చెల్లిపోయాయి. ఇవాళ్టికీ చెల్లుతున్నాయి. వాటి సంగతి మీకు చెబుతాను. క్షమించమని కాదు. ఆ పని చేయగలిగిన మనిషి ఒక్కతే ఉంది, ఆమెకు నేనింకా చెప్పలేదు.

రిటైరయ్యాక మహబూబ్‌నగర్‌లోనే ఉండిపోయాను. రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. మన బతుకు మనమే రాసుకోవాలని ఎక్కడ చూసినా ఉత్సాహం. ఒక పత్రిక తన ఆదివారం జిల్లా పేజీలో సగం పల్లె ఆడవాళ్ల రాతలకు వదిలింది. వాటిని సేకరించి, దిద్ది పంపే పని నాకు అప్పగించారు. మండలానికొక రోజు చొప్పున తిరిగి, వ్యాసం ఎలా రాయాలో నేర్పేదాన్ని. ఎవరికోసం రాస్తున్నావో ముందు తేల్చుకో. బలమైన మాట మొదటి పేరాలో పెట్టు. చదివేవాళ్ల కంటికి కనబడే వస్తువు ఒకటైనా ఉండాలి. మనిషి పేరు, ఊరి పేరు లేని రాతను ఎవరూ నమ్మరు. ఇవన్నీ బోర్డు మీద రాసి, చెప్పించి, ఒప్పజెప్పించుకునేదాన్ని.

అలా ఒక ఊళ్లో కలిసింది యాదమ్మ. అది ఆమె అసలు పేరు కాదు. గొర్రెల కాపరుల ఇల్లు, ఏడో తరగతి చదువు. ఎండాకాలంలో మందను ఎలా బతికించుకోవాలో మూడు పేజీలు రాసింది. ఏ చెట్టు మండలు కొట్టి వేయాలి, ఏ వేళకు నీళ్లకు తోలాలి, ఈనిన గొర్రెను ఎలా చూసుకోవాలి, అన్నీ వరుసగా ఉన్నాయి. అన్నిటికీ కింద, చివరన, నాలుగే వరుసలు వేరే సంగతి.

పెళ్లిలో ఆమె తల్లి ఒక ఆడగొర్రెను ఇచ్చిందట. అలా ఇచ్చిన గొర్రె, దాని సంతానం ఆ పెళ్లికూతురివేనని వాళ్లలో పాత మాట. కానీ అత్తగారింట్లో పెత్తనం బావది, అంటే భర్తకు అన్నగారిది. ఇంటికొచ్చింది ఏదైనా ఇంటిదే అనే మనిషి. అందుకని ఆ గొర్రె చచ్చిపోయిందని చెప్పి, యాదమ్మ దాన్ని తల్లిగారి ఊళ్లో తమ్ముడి మందలో కలిపేసింది. అది పెరిగి పదకొండు గొర్రెల చిన్న మంద అయింది. ఏటా ఒకటి రెండు అమ్మి కూతురిని నర్సు చదువు చదివిస్తోంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. "అక్కలారా, మీరు గూడ ఇసుంటిది ఒకటి పెట్టుకోండ్రి" అని ముగించింది.

ఆ నాలుగు వరుసలు చదివి, ఇన్నాళ్లకు ఒక వ్యాసం దొరికిందనుకున్నాను. చూడండి, ఒక మనిషి దొరికిందనుకోలేదు. అందరూ ఉన్న ఆ శిక్షణ గదిలోనే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, అంత మందలో నీ గొర్రెల్ని ఎలా గుర్తుపడతావని అడిగాను. యాదమ్మ నవ్వి, తన ఎడమ చెవి కొస దగ్గర రెండు వేళ్లు కత్తెరలా ఆడించి చూపింది. రెండు కోతలు. నేను రాసుకున్నాను.

ఇంటికొచ్చి వ్యాసాన్ని తిరగరాశాను. చివరిది మొదటికి తెచ్చాను. ఎండాకాలం మేత సంగతి సగానికి పైగా తీసేశాను. మొదటి పేరా ఇలా అయింది: "మా తమ్ముడి మందలో పదకొండు గొర్రెలు నావి. ఎడమ చెవి కొసన రెండు కోతలుంటే అది నాది. మా అత్తగారింట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు." కింద ఆమె పేరు, ఊరి పేరు. పత్రిక ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, ఆమెకు ఇబ్బంది కాదా, పేరు మారుద్దామా అని అడిగాడు. ఆమెను అడిగానని, పేరు ఉండాల్సిందేనని చెప్పాను. నేను అడగలేదు.

మంచి పేరా అది. ఇప్పటికీ మంచిదే అనిపిస్తుంది. నా మీద నాకు అసహ్యం వేసేది అక్కడే.

ఆదివారం అచ్చయింది. సోమవారమంతా నన్ను మెచ్చుకుంటూ ఫోన్లు. బుధవారం యాదమ్మ బావ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని ఆమె తమ్ముడి మంద దగ్గరికి వెళ్లాడు. ఒకడు పేపరు చదువుతుంటే ఇంకొకడు చెవులు చూశాడు. పదకొండింటినీ విడదీసి తోలుకుపోయారు. తమ్ముడు అడ్డుపడితే, "పేపర్ల పడ్డదిరా, ఇంకేం రుజువు గావాలె నీకు?" అన్నాడట బావ.

ఇరవై రోజుల తరవాత యాదమ్మ మా ఇంటికొచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గడప పక్కన గోడకు ఆనుకుని, మడతలు పడిన పేపరు ముక్క విప్పింది.

"టీచరమ్మా, జర సూడుండ్రి. గొర్ల ముచ్చట నేను ఆఖర్ల రాసిన గదా?"

"అవును."

"మరి గిది మొదలుకెట్ల వచ్చింది? మా బావకు సదువు రాదు. హోటల్ల ఎవలన్న సదివితే ఇంటడు. అదిగూడ మూడు ముక్కలే, బీడీ ముట్టిచ్చేదాంక. మొగోళ్లంత గంతే టీచరమ్మా. ఆడోళ్లయితే బెల్లం పొట్లం కాయిదం గూడ ఇప్పి కడదాంక సదువుతరు. గందుకే ఆఖర్ల వెట్టిన."

ఎవరికోసం రాస్తున్నావని ఊరూరా అడిగినదాన్ని, ఆమెను ఒక్కమాట అడగలేదు. అప్పుడే ఒప్పుకోవచ్చు. ఆ క్షణం చాలా పొడుగ్గా ఉంది, ఒప్పుకోవడానికి కావలసినంత జాగా ఉంది.

"పట్నంల పేపరోళ్లు మార్చిండ్రు యాదమ్మా" అన్నాను.

"నేను గదే అన్న. మా ఆయనేమో, నీ టీచరమ్మే చేసింది, పేరు కోసం అన్నడు. నోర్ముయ్, ఆమె గసుంటిది కాదు, పైస తప్పు పోని మనిషి అన్న." పేపరు మీద వేలు పెట్టింది. "మరి ఈ చెవి గుర్తు? నేను రాయనేలేదు గదా. గది వాళ్లకెట్ల ఎరుక?"

"నువ్వే ఆ రోజు నలుగురి ముంగట చెప్పుంటవు, ఎవరో రాసుకొని పంపుంటరు."

యాదమ్మ తన రెండు వేళ్లకేసి చూసుకుంది. "ఔ. చెప్పిన. ఇట్ల ఏళ్లు వెట్టి మరీ సూపిచ్చిన. నా నోట్లె మన్నువడ" అంది. నోటి మీద తానే కొట్టుకుంది, మెల్లగా, రెండుసార్లు. తరవాత కొంగు ముడి విప్పి నాలుగు సీతాఫలాలు అరుగు మీద పెట్టింది. ఇంకా మాగలేదని, రెండ్రోజులాగి తినమని చెప్పి వెళ్లింది.

వరుస మార్చడం తప్పే. దానికి వృత్తి అని, అలవాటు అని, మంచి ఉద్దేశమని ఏదో ఒక పేరు పెట్టుకోవచ్చు. ఆ రెండో వాక్యానికి ఏ పేరు పెట్టను? నన్ను కాపాడుకోవడానికి పట్నం మీద వేసిన నింద చాలలేదా? ఆమె బిడ్డ చదువును ఆమె నోరే పోగొట్టిందని ఆమెనే ఎందుకు నమ్మించాను? భయమా? నా పేరుకు మచ్చ వస్తుందనా? ఒక గొర్రెల కాపరి ఇంటి ఆడమనిషి ముందు తప్పు చేసినదానిలా నిలబడటం చేతకాకనా? మూడోదే అనుకుంటాను. రాయడానికి నచ్చడం లేదు, అయినా అదే.

కూతురు చదువు రెండో ఏట ఆగిపోయింది. షాద్‌నగర్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో చేరింది. నర్సు కావలసిన పిల్ల మాత్రల డబ్బాలకు కాగితం అంటిస్తోంది. నాకు పెన్షన్ వస్తుంది, ఆ ఫీజు నేను కట్టగలిగేదాన్నే. కడితే ఎందుకని అడుగుతుందేమోనని కట్టలేదు. మీరు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. నేను చాలాసార్లు చదివాను.

యాదమ్మ మళ్లీ ఏమీ రాయలేదు. కబురు పంపితే, "నా నోరు మంచిది కాదని చెప్పు టీచరమ్మకు" అందట. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆమె వ్యాసాన్ని నేను శిక్షణల్లో ఉదాహరణగా వాడాను. ఆమె రాసినది ఎడమవైపు, నేను దిద్దినది కుడివైపు బోర్డు మీద పెట్టి, ఎక్కడ బలం పెరిగిందో చూడమనేదాన్ని. అందరూ కుడివైపే చూపించేవారు. చప్పట్లు కొట్టేవారు. నిరుడు మోకాళ్ల నొప్పితో తిరగడం మానేసేదాకా ఇదే జరిగింది. సిగ్గుతో మానలేదు, నొప్పితో మానాను.

చెబితే ఏమవుతుంది? గొర్రెలు రావు. పిల్లకు ఆ ఏళ్లు రావు. మరి చెప్పడం ఎందుకని ఇన్నాళ్లూ నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కానీ ఒకటి వస్తుంది. ఆమె నోటి మీద పడిన నింద పోతుంది. అది ఆమెకు ఇవ్వగలిగినదాన్ని నేను ఒక్కదాన్నే. ఇవ్వకుండా ఇంట్లో కూర్చున్నదాన్నీ నేనే.

ఆ గుర్తు యాదమ్మ నోటి నుంచి జారలేదు. నేను అడిగి తీసుకున్నాను. నా చేత్తో రాశాను. ఎవరూ మార్చలేదు. ఆమెకు చెప్పవలసిన మాటలివి, మీకు చెబుతున్నాను. రాసేసరికి గుండె కాస్త తేలికైంది. ఆ తేలిక నాకు చెందవలసింది కాదని తెలుసు. అయినా ఊపిరి పీల్చుకుంటున్నాను.