కొత్త టీచరు నేర్చిన మాట

కురవి దగ్గరి తండా బడిలో కొత్తగా చేరిన హరిత, శిక్షణలో ఇచ్చిన కరదీపికను ప్రతి ఉదయం తెరిచి, మడతపడిన అంచులను వేలితో సరిదిద్ది, మళ్లీ మూసేస్తుంది. ఆ శిక్షణలో లంబాడీ మాట ఒక్కటీ ఎవరూ నేర్పలేదు. ఒకటో తరగతి పాప సంగీత వారం రోజులుగా పెదవి విప్పలేదు. ఇలాగే ఉంటే బడి మానేస్తుందని హరిత భయం. ఆ రోజు పాప లేచి నిలబడింది. "యాడికి, బిడ్డా?" అని హరిత అడగగానే పాప ముఖం వెలిగింది; గుమ్మం దాకా పరుగెత్తి, బయట ఎవరూ కనిపించక కూలబడి ఏడ్చింది.

"గిదేంది మేడం, పిల్లను గట్ల పరేషాన్ చేస్తిరి? వాళ్ల భాషల యాడి అంటే అమ్మ. తల్లి మిర్చి ఏరబోయి నెలాయె," అంది వంట చేసే సాలమ్మ.

హరిత పాపను ఒడిలోకి తీసుకుంది. ఓదార్చడానికి ఆమెకు తెలిసిన లంబాడీ మాట ఇప్పుడు ఆ ఒక్కటే. దాన్ని పలకలేక, పాప చెంపలు కొంగుతో తుడిచింది.