లాభంలేదు సారు

ఆ పరిశోధనాలయంలో ఆయన్ని అందరూ ‘లాభంలేదు సారు’ అనేవారు. ఎవరు ఏం చెప్పినా ఆయన నోట ముందొచ్చే మాట అదే. లిఫ్టు బాగుచేశారంటే, “లాభం లేదు, మధ్యలో ఆగుతుంది” అని నాలుగంతస్తులూ మెట్లెక్కేవారు. పైకొచ్చి, గోడకు జారగిలబడి, రొప్పుతూ, లిఫ్టులో వచ్చినవాళ్లని జాలిగా చూసేవారు.

మీరంటే ఇష్టమని చెప్పిన అమ్మాయితో కూడా అదే మాటన్నారట. “ముప్పై ఏళ్ల నుంచి చూస్తున్నా, ఆ సంగతి ఎప్పుడు తేలుతుందో!” అనేది ఆయన్నే పెళ్లాడిన ఆ అమ్మాయి, ఆయనకి అన్నం క్యారియర్ అందిస్తూ.

రక్త క్యాన్సర్ కణాల్లో ఒక జన్యువు అదుపు తప్పి రెచ్చిపోతుంటుంది. దాని నోరు మూయించాలన్నది ఆయన ఇరవై రెండేళ్ల తపన. అందులో పదకొండేళ్లు ఆయన పక్కనే నిలబడి పనిచేసింది ఒక ల్యాబ్ టెక్నీషియన్. కింది అంతస్తు వార్డు నుంచి రోగుల రక్తం చిన్న గొట్టాల్లో వచ్చేది. గొట్టం మీద నంబరే తప్ప పేరుండదు. కొన్నాళ్లకి ఒక్కో నంబరూ రావడం మానేసేది. ఎందుకని ఇద్దరూ అడిగేవారు కాదు.

“సార్, కణాలు బాగా పెరుగుతున్నాయి.”

“లాభం లేదమ్మా. క్యాన్సర్ కణాలు పెరక్క ఏం చేస్తాయి?”

“మందు వేసినవి చచ్చిపోతున్నాయి సార్!”

“అయితే ఇంక్యుబేటర్ చెడిపోయుంటుంది.”

ప్రయోగం బెడిసికొట్టిన రోజు మాత్రం ఆయన మొహం వెలిగిపోయేది. “నేను ముందే చెప్పలేదూ?” అంటూ గదంతా తిరిగేవారు. ఆ మాట వినీ వినీ టెక్నీషియన్‌కి ఒళ్లు మండేది.

నాలుగేళ్లు కష్టపడి తయారుచేసిన కొత్త మందు ఆ చలికాలం ఆఖరి పరీక్షకొచ్చింది. మందు జన్యువు నోరు మూయించింది. దాంతోపాటు పక్కనున్న మంచి కణాలనీ చంపేసింది. మూడుసార్లు చేసినా అంతే. ఆవిడ చేతి తొడుగులు విప్పకుండానే కిటికీ దగ్గర స్టూలు మీద కూలబడింది. కింద వానలో ఎవరినో చక్రాల కుర్చీలో వార్డుకి తోసుకొస్తున్నారు.

“నేను ముందే చెప్పలేదూ?” అన్నారాయన వెనకనించి.

“ఊరుకోండి సార్! పదకొండేళ్లుగా ఇదే పాట! ఒక్క మంచి మాటైనా రాదా మీ నోటికి?”

ఆయన బిత్తరపోయారు. చేతిలో టీ కప్పు ఆవిడ ముందు పెట్టబోయి, వేలు ముంచి చూసి, “చల్లారిపోయింది, లాభం లేదు” అని గొణుక్కుంటూ వెనక్కి పట్టుకెళ్లిపోయారు.

వారం తర్వాత డైరెక్టర్ నుంచి పిలుపొచ్చింది. ఉద్యోగం ఊడినట్టేనని ఆవిడ గుండె రాయి చేసుకుని వెళ్లింది.

“ల్యాబ్ మూసేస్తున్నాం. ఆయన్ని లైబ్రరీకి పంపుతున్నాం. మీరు మొదట్నించీ హెచ్చరించినా వినలేదటగా?”

“నేనా? ఎప్పుడు?”

డైరెక్టర్ ఒక కాగితం ముందుకు జరిపారు. అందులోని సారు కోడిగీతలు ఆవిడకి కొత్త కాదు. ‘ఈ మందు వద్దని టెక్నీషియన్ మొదట్నించీ చెప్పింది. మొండికేసింది నేను. ఆవిడ పనిలో లోపం లేదు. కొత్త విభాగం అప్పగించదగ్గ మనిషి.’

అక్షరాలు అలుక్కుపోయాయి. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“అబద్ధం సార్. ఈ మందే కావాలని పట్టుబట్టింది నేను. లాభం లేదని మొత్తుకుంది ఆయన.”

“తెలుసు. ఆయన రాసిన రిపోర్టులన్నీ ఇంతే. ప్రతిసారీ ఎవరో హెచ్చరిస్తారు, ఈయన వినడు. అలా హెచ్చరించినవాళ్లలో ముగ్గురు ఇప్పుడు సొంతంగా ల్యాబులు నడుపుతున్నారు. విభాగం మీకే ఇస్తున్నాం. ఇంకేమైనా కావాలా?”

ఆవిడ కాగితం మడిచి తిరిగిచ్చేసింది.

“లైబ్రరీ వద్దు, ఆయన్ని నా విభాగంలో వెయ్యండి సార్. ఈసారి నిజంగానే హెచ్చరిస్తాను.”