మా మేనత్తకు అటూ ఇటూ

మొన్న పర్చూరు దగ్గర తిరునాళ్ళలో బుర్రకథ ఉందంటే వెళ్ళాను. స్టేజీ మీద నడుమ తంబురా భుజాన వేసుకుని ఒకావిడ, ఆవిడకి అటూ ఇటూ డక్కీలతో ఒకాయనా, ఇంకొకావిడా. అలా పక్కనుండి పాట అందుకునేవాళ్ళని వంతలంటారు. నా పక్క కుర్చీలో పెద్దాయన, "అంతా ఒకే కుటుంబమంటగదండీ, ఎవరికెవరు ఏమవుతారు?" అనడిగాడు. నాకు నవ్వాగలేదు. నడుమ ఉన్నావిడ ఆయన మాజీ పెళ్ళాం, ఆ పక్కావిడ ఇప్పటి పెళ్ళాం. ఆయనేమో మా బావ, మా మేనత్త కొడుకు. ఇదంతా విప్పి చెప్పాలంటే మా మేనత్త దగ్గర మొదలెట్టాలి.

మా మేనత్త బుర్రకథ దళమంటే చీమకుర్తి నుంచి పిడుగురాళ్ల దాకా పేరు. తొలి మొగుడు పెళ్ళయిన కొత్తలోనే పాట మానెయ్యమన్నాట్ట. ఆవిడ పాట మానలేదు, ఆయన్ని మానేసింది. తర్వాత తన వంతగాణ్ణే చేసుకుంది. ఆయన పోయాక కొడుకుని పక్కన నిలబెట్టుకుంది. ఆ ఇంట్లో పెళ్ళిచూపులకి జాతకాలు చూడరు, శ్రుతి చూస్తారు. బావకి నన్నిచ్చే మాట వచ్చినప్పుడు నాచేత పాడించి, "బంగారంలాంటి పిల్లవే తల్లీ, గొంతు ఒక్కటే దేవుడు మర్చిపోయాడు" అంది. ఆ రోజు ఏడ్చాను గానీ, తర్వాత జరిగినవి చూశాక ఆ దేవుడికే దణ్ణం పెట్టుకున్నాను లెండి.

పత్తితీతకు వెళ్ళే వాళ్ళింటి పిల్ల చర్చిలో పాడుతుంటే విని, మా మేనత్త అక్కడికక్కడే బావకి సంబంధం మాట్లాడేసింది, పెళ్ళవగానే రెండో వంతగా నిలబెట్టుకుంది. ఆ పిల్లని నేను అక్కా అనేదాన్ని. స్టేజీ మీద మొగుడూ పెళ్ళాం ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటుంటే జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. ఇంట్లో ఆ వెక్కిరింపులే పోట్లాటలయ్యాయి. చివరికి గుంటూరు కోర్టులో విడాకులు. అక్కకి మొగుడు పోయినందుకు కాదు బెంగ, పాట కూడా పోతుందేమోనని. పోతే మళ్ళీ పత్తిచేలోకే. బావేమో, "ఆవిడ ఎక్కితే నేనెక్కను" అని బిగుసుక్కూచున్నాడు. మా మేనత్త మిరపకాయల తొడిమలు తీస్తూ, తలైనా ఎత్తకుండా అంది: "ఒరేయ్, నువ్వు విడాకులిచ్చింది నీ పెళ్ళానికి. నా వంతకి కాదు."

ఆ వారమే, మొన్న తిరునాళ్ళకి వెళ్ళిన ఆ ఊళ్ళోనే కథ. జనం కథకి కాదు, వీళ్ళని చూడ్డానికొచ్చారు. బావ రాలేదు. మా మేనత్త అతని బదులు ఎవర్నీ పెట్టలేదు, ఆ పక్క ఖాళీగా వదిలేసి మొదలెట్టింది. కథ సగానికొచ్చేసరికి అతను అడగాల్సిన ప్రశ్న వచ్చింది. అడిగేవాడు లేడు. మా మేనత్త తంబురా ఆపేసి ఊరుకుంది. అప్పుడు అక్క ఆ ఖాళీ పక్కకి తిరిగి, డక్కీ మీద ఒక్క దెబ్బేసి, "ఏమయ్యా వంతా! ఉన్నావా, నిద్రపోయావా?" అంది.

"ఉన్నా! తర్వాతేమైందో చెప్పు!"

జనం వెనక ట్రాక్టరు చాటు నుంచి బావ గొంతు! రానన్నవాడు డక్కీ చంకలో పెట్టుకునే వచ్చాడు, వెధవ. ఇక ఈలలే ఈలలు. ఇద్దరూ కలిసిపోయారనుకునేరు, అదేం లేదు. కథవగానే ఎవరి ఆటో వాళ్ళెక్కారు. స్టేజీ మీద మాత్రం విడిపోలేదు. కొన్నాళ్ళకి బావ మళ్ళీ పెళ్ళంటే, పెళ్ళికూతురికి శ్రుతి చూసింది అక్కే. మా మేనత్త గొంతు పోయినప్పుడు తంబురా కొడుక్కివ్వలేదు, తీసుకెళ్ళి అక్క భుజాన వేసింది. అంత పెద్ద మనసు నేనింకెక్కడా చూళ్ళేదు.

ఇదంతా పక్క కుర్చీ పెద్దాయనకి చెప్పడం ఎక్కడవుతుంది? "ముగ్గురూ ఆవిడ మనుషులండీ" అని ముందు వరసలో మా మేనత్తని చూపించాను. ఆవిడ తొడ మీద తాళం వేసుకుంటూ, బొంగురు గొంతుతో పైవాళ్ళతోపాటు "తందాన తాన" అంటోంది. జన్మంతా నడుమ నిలబడి పాడిన మనిషి, ఇవాళ కోడలికి కింద కూర్చుని వంత పాడుతోంది. కాలం మా మేనత్త గొంతు తీసుకుపోయింది గానీ, ఎవరికివ్వాలో మాత్రం ఆవిణ్ణే అడిగి తీసుకుపోయింది.