నుదుట రెండు సుడులు

మొగుళ్లపల్లి తిరుపతితో కలిసి ఐర్లండ్‌లో కంచెలు దూకే గుర్రప్పందేలు చూడబోయిన రోజు మైదానమంతా పొగమంచు. పందేనికి ముందు తిప్పుతున్న గుర్రాల్లో ఒక నల్లదాని నుదుట రెండు వెంట్రుకల సుడులు కనిపించాయి. జనగామ అంగడిలో ఎడ్లు కొనేటప్పుడు మా బాపు మొదట చూసేది అదే. రెండుంటే అరిష్టమని వదిలేసేవాడు. అందుకే నేను ఇంకో ఎర్రగుర్రం మీద పందెం కాశాను. ఎందుకో తిరుపతికి చెప్పాను.

"ఎద్దును కొంటున్నవా ఏందన్నా? గిది దున్నేటిది కాదు, దుంకేటిది!" అని పగలబడి నవ్వి, నల్లదాని మీదే కాశాడు. నా మాటతీరుకు కోస్తావాళ్లు నవ్వడం అలవాటే. మన తెలంగాణవాడే నా నమ్మకానికి నవ్వడం మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు.

పక్కనున్న ముసలి రైతు ఒకాయన నల్లదాన్ని చూపించి, తన నుదుటి మీద రెండు వేళ్లు పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. "మా నాన్న ఇలాంటిదాన్ని కొననిచ్చేవాడు కాదు" అన్నాడు ఇంగ్లీషులో. ఒక్క క్షణం బాపే పక్కన నిలబడ్డట్టు అనిపించింది.

గుర్రాలు కంచెల మీదుగా మంచులో తేలుతూ పోయాయి. నల్లదే గెలిచింది.

"ఇప్పుడేమంటవన్నా?" అన్నాడు తిరుపతి.

"గెలిస్తే గెలిచింది. నేనైతే ఇంటికి తోలుకపోను" అన్నాను.

ఆ మాటే ముసలాయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టోపీ తీసి నా చేయి పట్టుకున్నాడు.